లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన ఇంజిన్‌కి ఏ ఆయిల్ పోయాలి?

మా వ్యాగన్-ఆర్ 2011 మోడల్. లక్షా అరవై రెండు వేలు తిరిగింది. పోయినసారి ఆయిల్ మార్చే రోజు వచ్చేసరికి నా దగ్గర మూడు సలహాలు పోగయ్యాయి. ఆటోనగర్‌లో మా మెకానిక్, "ఇంత తిరిగిన బండికి ట్వంటీ-ఫిఫ్టీ (20డబ్ల్యూ-50) పోసేద్దాం సార్, చిక్కగా ఉంటుంది, ఆయిల్ తాగడం తగ్గుద్ది" అన్నాడు. స్పేర్ పార్ట్స్ షాపాయన ఫుల్ సింథటిక్ డబ్బా ముందు పెట్టి, ఖరీదు ఎక్కువైనా ఇదే తీసుకోమన్నాడు. సర్వీస్ సెంటర్‌లో అడిగితే, కొత్తప్పటి నుంచి పోస్తున్న 5డబ్ల్యూ-30నే పొయ్యమన్నారు.

ముగ్గురూ మంచి కోరే చెప్పారు. కానీ ఒక్కరూ "వెయ్యి కిలోమీటర్లకి బండి ఎంత ఆయిల్ తాగుతోంది?" అని అడగలేదు. నిజం చెప్పాలంటే అడిగినా నా దగ్గర జవాబు లేదు. లక్షన్నర తిరిగినా చుక్క తాగని ఇంజిన్లున్నాయి, అరవై వేలకే నీలం పొగ వదిలేవీ ఉన్నాయి. మీటర్‌లో అంకె చూసి ఆయిల్ మార్చేస్తే రెండింటికీ ఒకే మందు వేసినట్టవుతుంది. అందుకే ఆయిల్ రకాల జోలికి వెళ్లేముందు ఇంజిన్ సంగతి చూద్దాం.

## ముందు చూసుకోవాల్సినవి

ఎంత తాగుతోంది. పొద్దున్నే బండి తీయకముందు, సమతలంగా ఉన్న చోట డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే గీతల పుల్ల) తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి చూడండి. పై గీత దాకా ఆయిల్ నింపి, కిలోమీటర్లు ఒక కాగితం మీద రాసుకోండి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్లీ పై గీతకి తేవడానికి ఎంత పోయాల్సి వచ్చిందో కొలవండి. పిల్లల దగ్గు మందుతో వచ్చే కొలత మూత చాలదు, వంటింట్లో కొలత గ్లాసు తీసుకెళ్తే మాత్రం తిరిగి లోపలికి రానివ్వరు. పాత లీటరు డబ్బా మీద పక్కన ఉండే గీతలే ఇందుకు సరిపోతాయి.

నేను పెట్టుకున్న లెక్క ఇది. రెండు వందల మిల్లీలీటర్లలోపు అయితే ఆ ఇంజిన్‌ని కదపక్కర్లేదు. మూడు వందల నుంచి ఐదు వందల మధ్య అయితే ఆయిల్ గ్రేడ్ (డబ్బా మీద 5డబ్ల్యూ-30 లాంటి అంకెలు చెప్పే చిక్కదనం) మార్చి చూడొచ్చు. ముప్పావు లీటరు దాటితే అది ఆయిల్ డబ్బాతో తీరే సమస్య కాదు. కొన్ని కార్ల మాన్యువళ్లలో వెయ్యి కిలోమీటర్లకి అర లీటరు వరకు సహజమేనని రాసి ఉంటుంది కాబట్టి మరీ టెన్షన్ పడక్కర్లేదు.

పొగ ఎప్పుడు వస్తోంది. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలం పొగ వచ్చి ఆగిపోతే, రాత్రంతా వాల్వ్ సీల్స్ (వాల్వ్‌ల దగ్గర ఆయిల్‌ని ఆపే రబ్బరు ముక్కలు) దగ్గర నుంచి ఆయిల్ లోపలికి కారిందని అర్థం. ఘాట్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేసి, కింద మళ్లీ తొక్కగానే పొగ కొట్టినా అనుమానం వాల్వ్ సీల్స్ మీదే. లోడుతో ఎక్కుతున్నంతసేపూ నీలం పొగ వస్తూ, ఆయిల్ పోసే మూత తీస్తే బుసబుసమని గాలి తంతుంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగుల పని అయిపోవచ్చింది. తెల్ల పొగ, మూత కింద మీగడలాంటి పదార్థం కలిసి కనిపిస్తే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోందేమో చూపించుకోవాలి. అప్పుడు ఏ గ్రేడ్ పోయాలన్న చర్చే అనవసరం.

పీసీవీ వాల్వ్. దీన్ని చాలామంది మర్చిపోతారు. ఇంజిన్ లోపలి ఆవిరిని మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపే చిన్న భాగం ఇది. మసి పట్టి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఆయిల్ దొరికిన ప్రతి సందులోంచీ బయటికి నెట్టుకొస్తుంది. చాలా కార్లలో తక్కువ ఖర్చుతో మారిపోతుంది. రింగులు పోయాయని ఇంజిన్ దింపించేముందు దీన్ని ఒకసారి చూడమనండి.

ఎర్ర దీపం. ఇంజిన్ బాగా వేడెక్కి, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆయిల్ దీపం మినుకుమంటే ముందు లెవెల్ చూడండి. లెవెల్ సరిగ్గానే ఉంటే మెకానిక్ దగ్గర గేజ్ పెట్టించి ప్రెజర్ కొలిపించండి. బేరింగులు అరిగిపోయి ఉండొచ్చు, స్విచ్ పాడై ఉండొచ్చు. కొలవకుండా చిక్కటి ఆయిల్ పోసి దీపం ఆర్పేస్తే, జ్వరం తగ్గకుండా థర్మామీటర్ దాచేసినట్టే.

## డబ్బా మీద అంకెలు

పాకం పట్టినవాళ్లకి ఇది సులువుగా అర్థమవుతుంది. పొయ్యి మీద ఉన్నంతసేపు పల్చగా జారే పాకం, దించి చల్లారితే ముదురుతుంది. ఆయిల్ కూడా అంతే. రెండో అంకె (30, 40, 50) ఇంజిన్ వేడి మీద ఉన్నప్పటి చిక్కదనం. వంద డిగ్రీల దగ్గర కొలిస్తే 30 రకం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) మధ్య, 40 రకం 12.5 నుంచి 16.3 మధ్య, 50 రకం 16.3 నుంచి 21.9 మధ్య ఉండాలి. అంటే 30లోనే చిక్కటి చివర ఉన్న ఆయిల్‌కీ, 40లో పల్చటి చివర ఉన్నదానికీ తేడా దాదాపు లేనట్టే. కంపెనీల డేటా షీట్లు ఎవరూ చదవరుగానీ, చదివితే ఇలాంటివి తెలుస్తాయి.

డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ప్రవర్తనకి సంబంధించింది. డబ్ల్యూ అంటే వింటర్. 5డబ్ల్యూని మైనస్ 30 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూని మైనస్ 15 దగ్గర స్టార్టింగ్‌కి పరీక్షిస్తారు. మనకి లంబసింగిలో సున్నా దగ్గరికి వస్తేనే టూరిస్టులు కార్లు కట్టుకుని పరిగెడతారు కాబట్టి, ఇక్కడ ఆ అంకెతో పని లేదనిపిస్తుంది. పూర్తిగా లేదనడం మాత్రం తప్పు. 40 డిగ్రీల దగ్గర, అంటే మన ఎండాకాలం మధ్యాహ్నం ఆగి ఉన్న బండిలో కూడా, 20డబ్ల్యూ-50 ఆయిల్ 5డబ్ల్యూ-30 కంటే మామూలుగా రెండింతలకి పైగానే చిక్కగా ఉంటుంది. స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో పైన వాల్వ్‌లని తెరిచే క్యామ్ దాకా అది పాకాలి. చల్లటి ఇంజిన్‌ని రోజుకి ఆరేడుసార్లు స్టార్ట్ చేసే బండికీ, ఒక్కసారి స్టార్ట్ చేసి హైదరాబాద్ వెళ్లిపోయే బండికీ ఈ లెక్క వేరు.

## ఉన్న దారులు ఒక్కొక్కటిగా

### పాత గ్రేడే కొనసాగించడం

ఆయిల్ తాగని బండికి నా ఓటు దీనికే. ఆయిల్ దారులు, చైన్ టెన్షనర్, వాల్వ్ టైమింగ్ మార్చే వీవీటీ ఉంటే దాని సన్నటి రంధ్రాలు, అన్నీ ఆ చిక్కదనాన్ని దృష్టిలో పెట్టుకుని తయారుచేసినవే. ఇంజిన్ పాతబడిందన్న ఒక్క కారణంతో గ్రేడ్ మార్చడం అవసరం లేని ఖర్చు. మార్చాలనుకుంటే ఎన్ని కిలోమీటర్లకి ఆయిల్ మారుస్తున్నారో అది మార్చండి. పదివేలకి మార్చేవాళ్లు ఏడువేలకో, ఐదువేలకో తగ్గించుకుంటే పాత ఇంజిన్‌కి చాలా మేలు.

ఇబ్బంది ఎక్కడంటే, తాగడం మొదలైన బండిలో పల్చటి ఆయిల్ ఇంకాస్త త్వరగా ఖాళీ అవుతుంది. డిప్‌స్టిక్ చూసే అలవాటు లేనివాళ్లకి ఇదే పెద్ద ప్రమాదం. చిన్న కార్లలో ఆయిల్ చాంబర్ పట్టేదే సుమారు మూడు లీటర్లు. వెయ్యికి మూడు వందల చొప్పున పోతే, ఐదువేలకి సగం ఖాళీ.

### ఒక్క మెట్టు ఎక్కడం: 5డబ్ల్యూ-40 లేదా 10డబ్ల్యూ-40

మూడు వందల నుంచి ఐదు వందల మధ్య తాగే పెట్రోల్ బండికి మొదట ప్రయత్నించాల్సింది ఇదే. అరిగిన రింగుల పక్క నుంచి, గట్టిపడిన వాల్వ్ సీల్స్ దగ్గర నుంచి కాస్త నెమ్మదిగా జారుతుంది. వేడి మీద ప్రెజర్ కొంచెం మెరుగవుతుంది. టాపెట్ (వాల్వ్‌లని కదిపే భాగం) చప్పుడు కూడా కొన్ని బండ్లలో తగ్గుతుంది. అయితే చప్పుడు తగ్గినంత మాత్రాన అరుగుదల తగ్గినట్టు కాదు, చిక్కటి ఆయిల్ చప్పుడుని కప్పేస్తుంది కూడా. పికప్‌లో తేడా చాలామందికి తెలియనే తెలియదు.

పాత కార్ల మాన్యువళ్లలో చాలావాటికి వెనకాల ఒక పట్టిక ఉంటుంది. బయటి ఉష్ణోగ్రతని బట్టి ఏయే గ్రేడ్లు వాడొచ్చో గీతలు గీసి చూపిస్తారు. అందులో 40 రకం ఉంటే ఇక సందేహమే లేదు. మాన్యువల్ పోయిందంటారా, చాలా కంపెనీల వెబ్‌సైట్లలో దొరుకుతుంది.

### మెకానిక్ గారి ట్వంటీ-ఫిఫ్టీ

ఈ సలహాకి ఒక చరిత్ర ఉంది. అంబాసిడర్, పద్మిని కాలంలో సందులు వదులుగా ఉండే ఇంజిన్లు, మన ఎండలు, దొరికే మినరల్ ఆయిల్ (క్రూడ్ నుంచి మామూలుగా శుద్ధి చేసింది). ఆ రోజుల్లో 20డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 లాంటివే దిక్కు, బాగానే పనిచేశాయి. ఆటోనగర్‌లో పెద్ద మెకానిక్‌ల చెయ్యి ఆ ఇంజిన్ల మీద తిరిగింది. కాబట్టి వాళ్ల మాటని తీసిపారేయను.

2005 తర్వాతి అల్యూమినియం ఇంజిన్‌కి మాత్రం ఇది ఆఖరి మెట్టు. చల్లటి ఇంజిన్‌ని గట్టిగా రేజ్ చేస్తే పంపు ముందు ప్రెజర్ ఎక్కువైపోయి, రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఆయిల్‌లో కొంత తిరిగి చాంబర్‌లోకే పోతుంది. గేజ్‌లో ప్రెజర్ ఘనంగా కనిపిస్తున్నా, చేరాల్సిన చోటికి ఆయిల్ తక్కువ చేరుతుంది. పెట్రోల్ ఖర్చు కూడా కొంత పెరుగుతుంది. ఇక రింగులు పూర్తిగా పోయిన ఇంజిన్, రీబోర్‌కి (అరిగిన సిలిండర్లని సరిచేసి కొత్త రింగులు వేయించడానికి) డబ్బు కూడాలంటే ఇంకో ఆరు నెలలు పట్టేలా ఉంది, ఈలోపు బండి తిరగాలి అంటే, అప్పుడు దీన్నే పొయ్యండి. వాయిదా వేయడానికి ఇది నిజంగా పనికొస్తుంది.

### మినరలా, సెమీనా, ఫుల్ సింథటికా

గ్రేడ్ వేరు, రకం వేరు. గ్రేడ్ అంటే చిక్కదనం, రకం అంటే ఆయిల్ ఎలా తయారైందన్నది. సింథటిక్ అంటే ప్రత్యేకంగా తయారుచేసింది, సెమీ అంటే మినరల్, సింథటిక్ కలిపింది. ఈ రెండూ కలిపేసి "సింథటిక్ పల్చగా ఉంటుంది" అనేవాళ్లు చాలామంది. 5డబ్ల్యూ-40 సింథటిక్, వేడి మీద 10డబ్ల్యూ-30 మినరల్ కంటే చిక్కగానే ఉంటుంది.

ఫుల్ సింథటిక్ వేడికి త్వరగా పాడవదు, ఆవిరైపోవడం తక్కువ, మడ్డి కట్టడం తక్కువ. ఆవిరి తగ్గడం పాత ఇంజిన్‌కి లాభమే, ఎందుకంటే తాగే ఆయిల్‌లో కొంత భాగం అలా పోయేదే. ధర మాత్రం మినరల్‌కి సుమారు రెట్టింపు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అర లీటరు తాగే బండిలో అది పోయడమంటే ఖరీదైన పొగ కొనుక్కోవడమే. అలాంటి బండికి 10డబ్ల్యూ-40 సెమీ సింథటిక్ సరైన బేరం.

పాత బండికి సింథటిక్ పోస్తే లీకులొస్తాయన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? 1970ల నాటి తొలి సింథటిక్ ఆయిళ్లు కొన్ని రకాల సీళ్లని కుంచించుకుపోయేలా చేసేవి. తర్వాత ఆ లోపాన్ని సరిచేశారు. ఇప్పుడు జరిగేది వేరు. మడ్డి అడ్డుపడి ఆగి ఉన్న లీకు, మడ్డి కరగగానే బయటపడుతుంది. అప్పటికే ఉన్న చిల్లు అది, ఆయిల్ చేసింది కాదు. అయినా సీల్ మార్చే ఖర్చు పడేది మీమీదే కదా, కాబట్టి చుట్టూ తడితడిగా ఉన్న పాత ఇంజిన్‌కి సెమీతో మొదలుపెట్టడం తెలివైన పని.

ఇంకో మాట. డబ్బా మీద సింథటిక్ అని ఉన్నవన్నీ ఒకే పదార్థం కాదు. 1999లో అమెరికాలో మొబిల్, కాస్ట్రాల్ మధ్య ఈ పేరు మీదే పంచాయితీ నడిచి, క్రూడ్ ఆయిల్ నుంచే బాగా శుద్ధి చేసిన గ్రూప్-3 ఆయిల్‌ని కూడా సింథటిక్ అనొచ్చని తేలింది. కాబట్టి ముందు వైపు పెద్ద అక్షరాలకంటే వెనకవైపు చిన్న అక్షరాలే ముఖ్యం. పెట్రోల్ బండికి ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) నాణ్యత తరగతుల్లో ఎస్‌ఎన్ లేదా దాని తర్వాత 2020లో వచ్చిన ఎస్‌పీ ఉంటే చాలు. పాత ఎస్‌ఎల్, ఎస్‌ఎమ్ అడిగిన పెట్రోల్ ఇంజిన్లకి కొత్తవి పనికొస్తాయి.

### హై మైలేజ్ అని రాసినవి

మన దగ్గర మైలేజ్ అంటే లీటరుకి ఎన్ని వస్తుందని. ఈ డబ్బాల మీద మైలేజ్ అంటే బండి మొత్తం తిరిగిన దూరం. పెట్రోల్ ఆదా అవుతుందనుకుని కొనకండి. సీల్స్‌ని మెత్తబరిచే పదార్థాలు, మడ్డిని కడిగే పదార్థాలు కొంచెం ఎక్కువ, తన గ్రేడ్‌లో కాస్త చిక్కటి వైపు ఉండటం, ఇవీ వీటి ప్రత్యేకతలు. చిన్న చెమ్మ లీకులు కొన్ని వారాల్లో తగ్గొచ్చు. చిరిగిన సీల్‌ని, అరిగిన రింగుని ఏ డబ్బా బాగుచేయదు.

అమెరికాలో పాత క్యామ్రీయో, కరోలానో నడిపే మనవాళ్లకి ఇది మంచి ఎంపిక. వాల్వొలిన్ మ్యాక్స్‌లైఫ్ 2000లో వచ్చినప్పటి నుంచి అక్కడ చాలా కంపెనీలు ఇలాంటిది తెచ్చాయి, 75 వేల మైళ్లు దాటినవాటికని రాస్తారు. అక్కడ చికాగో చలికి డబ్ల్యూ ముందు అంకె ప్రాణం, కాబట్టి ఇక్కడి మామయ్య చెప్పాడని ట్వంటీ-ఫిఫ్టీ మాత్రం పొయ్యకండి.

## ఒక చూపులో

| ఎంపిక | ఆయిల్ తాగడం | చల్లటి స్టార్టింగ్ | పికప్, పెట్రోల్ | ఎవరికి |
|---|---|---|---|---|
| పాత గ్రేడ్ (5డబ్ల్యూ-30), త్వరగా మార్చడం | మారదు | బాగుంటుంది | మారదు | 200 మి.లీ.లోపు తాగేవి |
| 10డబ్ల్యూ-40 సెమీ | కొంత తగ్గొచ్చు | పర్వాలేదు | తేడా స్వల్పం | 300–500 మి.లీ. తాగేవి, చెమ్మ లీకులున్నవి |
| 5డబ్ల్యూ-40 ఫుల్ సింథటిక్ | కొంత తగ్గొచ్చు | బాగుంటుంది | తేడా స్వల్పం | తక్కువ తాగుతూ హైవే మీద ఎక్కువ తిరిగేవి |
| 20డబ్ల్యూ-50 మినరల్ | బాగా తగ్గొచ్చు | నెమ్మది | పికప్ తగ్గుతుంది, పెట్రోల్ ఖర్చు కొంత పెరుగుతుంది | రీబోర్ వాయిదా వేసేవి, పాతకాలపు ఇంజిన్లు |
| హై మైలేజ్ రకం | కొంత తగ్గొచ్చు | గ్రేడ్‌ని బట్టి | మారదు | సీల్స్ గట్టిపడినవి |

## మీది ఎలాంటి వాడకం

రోజూ పిల్లల్ని స్కూల్లో దింపి, కూరగాయలు తెచ్చి, రెండు మూడు కిలోమీటర్లకే ఆగిపోయే బండి పైకి సుఖంగా ఉన్నట్టుంటుంది. నిజానికి ఆయిల్‌కి అదే పెద్ద కష్టం. ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, కాలని పెట్రోల్, నీటి ఆవిరి ఆయిల్‌లోనే మిగిలిపోతాయి. దానికి కిలోమీటర్లు చూడొద్దు, ఆరు నెలలకోసారి మార్చేయండి. ఖరీదైన ఆయిల్‌ని ఏడాది ఉంచడం కంటే, మామూలు ఆయిల్‌ని రెండుసార్లు మార్చడం మేలు.

వారానికోసారి విజయవాడ–హైదరాబాద్ తిరిగేవాళ్లకి ఫుల్ సింథటిక్ డబ్బు గిట్టుబాటు అవుతుంది. మే నెలలో ఏసీ వేసుకుని నాలుగైదు గంటలు ఆగకుండా నడిపే ఇంజిన్‌కి వేడిని తట్టుకునే గుణమే కావాలి.

పదిహేనేళ్లు నిండి, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఆర్‌సీ రెన్యువల్ చేయించాలా, అమ్మేయాలా అన్న ఊగిసలాటలో ఉన్నవాళ్లు ఆయిల్ మీద ఎక్కువ పెట్టకండి. ఉన్న గ్రేడ్‌లో మంచి మినరల్, కొత్త ఫిల్టర్ చాలు. కొనేవాడికి పొగ కనబడకుండా చిక్కటిది పోసి అమ్మడం కొందరు చేసే పని. మీరు కొనే వైపు ఉంటే, డిప్‌స్టిక్ మీద ఆయిల్ కొత్తగా, బంక సాగినట్టు కనిపిస్తే పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయించి చూడండి.

## డీజిల్, బైకు

పాత డీజిల్‌కి లెక్క తేలిక. చాలావాటికి 15డబ్ల్యూ-40, ఏపీఐ సీఐ-4 తరగతి ఆయిల్ లారీల నుంచి ట్రాక్టర్ల దాకా ప్రతి ఊళ్లో దొరుకుతుంది. పోసిన రెండో రోజుకే నల్లబడితే కంగారు పడొద్దు, మసిని తనలో కలుపుకోవడం దాని పనే. కానీ 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 డీజిల్ ట్యాక్సీలు కొన్ని ఇప్పటికే రెండు లక్షలు దాటాయి. వాటిని పాత బండి కింద లెక్కేసి లారీ ఆయిల్ పోస్తే పొగగొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ బూడిదతో నిండిపోతుంది. దాని ధర ముందు పదేళ్ల ఆయిల్ ఖర్చు కూడా చిన్నదే. వాటికి మాన్యువల్‌లో ఉన్న తక్కువ బూడిద రకం, ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) సీ2, సీ3 తరగతుల్లాంటివే పొయ్యాలి.

బైకులో గేర్లు, క్లచ్ చాలావాటికి అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. కారుకి పోయగా మిగిలింది పాత స్ప్లెండర్‌లో పోస్తే క్లచ్ జారొచ్చు. డబ్బా మీద జాసో ఎంఏ (ఆయిల్‌లో మునిగే క్లచ్‌కి సరిపడుతుందని చెప్పే జపాన్ ప్రమాణం) అని ఉందో లేదో చూసుకోండి.

## కొనేటప్పుడు, పోసేటప్పుడు

నకిలీ డబ్బా ముందు పై లెక్కలన్నీ వృథా. పెట్రోల్ బంకుల్లో దొరికే సర్వో, మాక్, హెచ్‌పీ ఆయిళ్లు తరగతి సరిపోతే నిస్సంకోచంగా వాడొచ్చు, పెద్ద పేర్లే కావాలని లేదు. మూత సీల్ చూసి, మీ ముందే తెరిపించండి. ఖాళీ డబ్బాకి మేకుతో చిల్లు పెట్టి ఇవ్వండి. అదే డబ్బాలో మళ్లీ ఏదో నింపి మనకే అమ్మకుండా ఉంటారు.

ఇంజిన్ ఫ్లష్ (లోపలి మడ్డిని ఒకేసారి కడిగే మందు) వద్దు. మా బాబాయ్ వాళ్ల డీజిల్ బండికి ఓ గ్యారేజీలో ఫ్లష్ కొట్టారు. ఏళ్ల తరబడి పట్టిన మడ్డి ఒక్కసారిగా ఊడి, చాంబర్ అడుగున ఆయిల్ పీల్చే జాలీకి అడ్డుపడింది. ఇంటికొచ్చేలోపే ఎర్ర దీపం వెలిగింది. చాంబర్ దింపించి కడిగిస్తేగానీ తేరుకోలేదు. మడ్డి ఉందనుకుంటే మామూలు ఆయిలే పోసి, రెండువేల కిలోమీటర్లకి ఫిల్టర్‌తో సహా మార్చండి. ఇంకోసారి అలాగే చేయండి. నెమ్మదిగా కరుగుతుంది.

ఇక మా వ్యాగన్-ఆర్. కొలిస్తే వెయ్యికి మూడు వందల యాభై మిల్లీలీటర్లు తేలింది. పీసీవీ వాల్వ్ మార్పించి, 10డబ్ల్యూ-40 సెమీ పోయించాను. తర్వాతి వెయ్యికి నూట ఎనభై. రెండూ ఒకేసారి మార్చాను కాబట్టి దేనివల్ల ఎంత తగ్గిందో చెప్పలేను, అది నా తొందరపాటు. మా మెకానిక్ మాత్రం కాగితం చూసి, "ఫిఫ్టీ పోసుంటే ఇది కూడా తాగేది కాదు సార్" అన్నాడు.